టిన్‌టిన్, ఆస్టెరిక్స్, ఫాంటమ్, బుద్ధ, అకీరా: ఏ సిరీస్ ఎలా ఉంది, ఏ అచ్చు కొనాలి

#1 పాతబైండు

ఇక్కడ ఎవరైనా ఫలానా కామిక్స్ ఎలా ఉంటాయని అడిగితే జవాబులన్నీ కథ చుట్టూనే తిరుగుతున్నాయి. బొమ్మల కథలో కథ సగమే. పేజీ ఎంత పెద్దది, రంగులు ఎవరు వేశారు, ఎటు నుంచి ఎటు చదవాలి, బెలూన్‌లో అక్షరాలకు ఊపిరాడుతోందా లేదా, ఇవన్నీ మిగతా సగం. అందుకని ఒక్కో సిరీస్ మీద నా అభిప్రాయం అచ్చుతో కలిపి రాస్తున్నాను. ఒప్పుకోనివాళ్లు కారణం చెప్పండి, మాట్లాడుకుందాం.

టిన్‌టిన్: బెల్జియంలో 1929 జనవరి 10న మొదలైంది. మొత్తం 24 ఆల్బమ్‌లు, చివరిది అసంపూర్తి. రంగుల ఆల్బమ్ ఏది తీసుకున్నా కథ 62 పేజీలు. దీన్ని సృష్టించిన చిత్రకారుడు ఎర్జే గీతకి మందం దాదాపు మారదు, గీతలతో నీడలు వేయడు, రంగు ఒకే పూతగా ఉంటుంది. దానివల్ల వెనకాల ఉన్న దుకాణం బోర్డు కూడా ముందున్న మనిషంత స్పష్టంగా కనిపిస్తుంది. నా లెక్కలో అన్నింటికన్నా మంచిది టిబెట్ కథ. దుర్మార్గుడు లేడు, నిధి లేదు, ఒక స్నేహితుడిని వెతుక్కుంటూ కొండలెక్కడమే కథంతా. ఆ తర్వాత కాస్టాఫియోర్ పచ్చల కథ (1963). ఎవరూ ఊరు దాటరు, ఇంట్లోనే 62 పేజీలు నడిపాడు. మొదటిసారి చదివేవాళ్లు 'బ్లూ లోటస్'తో మొదలుపెట్టడం మేలు. చైనా గురించి జాంగ్ చోంగ్రెన్ అనే చైనా విద్యార్థిని కూర్చోబెట్టుకుని తెలుసుకుని మరీ గీసిన కథ అది. గోడల మీది చైనా అక్షరాలు అలంకారానికి వేసినవి కావు, నిజమైన నినాదాలు. కాంగో కథని మాత్రం పిల్లల చేతికి ఊరికే ఇవ్వకండి. ఆఫ్రికా మనుషుల్ని గీసిన తీరు వలస పాలకుల చూపే. పెద్దలు పక్కన కూర్చుని చెప్పాల్సిన పుస్తకం.

ఆస్టెరిక్స్: రోమ్ పాలకుడు సీజర్‌కి లొంగని ఒక చిన్న ఊరి కథలు. 1959 అక్టోబర్ 29న మొదలైంది. గోసిన్నీ రాసిన 24 ఆల్బమ్‌లే అసలు సిసలు ఆస్టెరిక్స్. ఆయన 1977లో పోయాక చిత్రకారుడు ఉదెర్జో ఒంటరిగా చేసినవాటిలో బొమ్మ తగ్గలేదు, మాట తగ్గింది. 2005లో వచ్చిన ఆకాశం విరిగిపడే కథ అయితే కొననక్కర్లేదు.

ఫాంటమ్ (ఇంద్రజాల్): అడవిని కాపాడే ముసుగు వీరుడి కథలు, మన దేశంలో ఇంద్రజాల్ కామిక్స్ పేరుతో వచ్చేవి. పాత జ్ఞాపకం కోసం కొంటున్నారా, కథ కోసం కొంటున్నారా తేల్చుకుని దిగండి. కథ కోసమైతే దినపత్రిక స్ట్రిప్‌లను యథాతథంగా కూర్చిన సంపుటాలే మేలు.

బుద్ధ (ఒసాము తెజుకా): ఇంగ్లీషులో 8 సంపుటాలు. మన దేశంలోనూ అచ్చయింది. మొత్తం మీద నేను అందరికీ చెప్పే సిరీస్ ఇదే.

అకీరా: 6 సంపుటాలు, 2,000 పైచిలుకు పేజీలు. బొమ్మకి పది మార్కులు, కథకి ఏడు.

#2 చుక్కలచీర

టిన్‌టిన్ విషయంలో అచ్చు సంగతి మీరు చెప్పకుండా వదిలేశారు, పాతబైండు గారూ. అసలు మోసపోయేది అక్కడే. మూడేసి కథలు కలిపి గట్టి అట్టతో పొట్టి సైజులో వచ్చే సెట్ అల్మరాలో ముచ్చటగా ఉంటుంది, చదవడానికి పనికిరాదు. విడి ఆల్బమ్ రమారమి 22 సెంటీమీటర్ల వెడల్పు, 29 సెంటీమీటర్ల ఎత్తు. పొట్టి సైజులో ఆ పేజీని కుదించేశారు. అక్షరాలు చీమల బారులా తయారవుతాయి.

ఒక్క పేజీ తీసుకుని చూడండి. టిబెట్ కథ మొదట్లో హోటల్ హాల్లో కెప్టెన్ హాడక్, టిన్‌టిన్ చదరంగం ఆడుతుంటారు. కెప్టెన్ ఎత్తు ఆలోచిస్తుంటే టిన్‌టిన్‌కి కునుకు పడుతుంది. కలలో "చాంగ్!" అని, తను వెతకబోయే స్నేహితుడి పేరు పెట్టి ఒక్క కేక పెడతాడు. ఆ గడిలో హాలంతా అదిరిపడుతుంది. ఒక్కో మనిషి ఉలిక్కిపడిన తీరు వేరు, ఒక్కొక్కరి చేతిలో ఒలికింది వేరు. పెద్ద సైజులో ఆ గడి మీద కన్ను అరనిమిషం నిలుస్తుంది. పొట్టి సైజులో అదొక రంగుల గజిబిజి.

ఇంకో లోపం కూర్పుది. 21 కథల్ని 7 సంపుటాలుగా కట్టిన సెట్లో యూనికార్న్ కథ మూడో సంపుటం చివర, దాని రెండో సగమైన రెడ్ రాకమ్ నిధి కథ నాలుగో సంపుటం మొదట్లో పడ్డాయి. ఒక్క సంపుటమే కొన్నవాళ్లకి కథ సగంలో తెగిపోతుంది. విడి ఆల్బమ్‌లు కొనేవాళ్లు ఈ నాలుగు జతలు మాత్రం విడదీయకండి: ఫారో చుట్టలు, బ్లూ లోటస్. యూనికార్న్, రెడ్ రాకమ్. ఏడు స్ఫటిక గోళాలు, సూర్య బందీలు. చంద్రుడి మీది రెండు పుస్తకాలు.

#3 గోదారిగట్టు

జతల సంగతి బాగా చెప్పారు చుక్కలచీర గారూ. దానికి తోడు 'బ్లాక్ ఐలాండ్' సంగతి ఒకటి. ఆ ఒక్క కథకి మూడు రూపాలున్నాయి. తొలి నలుపు తెలుపు, 1943 నాటి రంగులది, 1966లో పూర్తిగా తిరగ్గీసినది. బ్రిటన్ ప్రచురణకర్తలు తమ దేశాన్ని చూపించిన తీరులో 131 తప్పులు పట్టి జాబితా పంపితే, ఎర్జే తన సహాయకుడు బాబ్ ద మోర్‌ని అక్కడికి పంపి రైళ్లు, పోలీసు దుస్తులు, ఫైరింజన్ అన్నీ సరిచేయించాడు. ఇప్పుడు మామూలుగా దొరికేది 1966 రూపమే. దీన్నీ దీని ముందు వెనకల ఆల్బమ్‌లనీ పక్కపక్కన పెడితే బొమ్మ వయసు తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఇది మరీ నున్నగా, వివరంగా ఉంటుంది. నాకు పాత రంగుల రూపమే ఎక్కువ ఇష్టం, గీతలో పరుగు ఉంది.

#4 మెన్‌హిర్‌మోత

ఆస్టెరిక్స్ మీద సగం ఒప్పుకుంటాను. గోసిన్నీ పోయాక వచ్చినవన్నీ ఒక గాటన కట్టేయడం న్యాయం కాదు. 1980 నాటి కందకం కథ బాగానే కుదిరింది. 1987లో వచ్చిన మాయ తివాచీ కథలో వాళ్లు గంగా తీరానికి వస్తారు. వాన లేక అల్లాడుతున్న రాజ్యానికి ఊరి గాయకుడి పాట కావాలి, ఎందుకంటే అతను నోరు విప్పితే వాన పడుతుంది. 1001 గంటల గడువు. ఇండియా బొమ్మల్లో ఫకీరు, ఏనుగు, పులి మామూలే, కొత్తదనం లేదు. కానీ పుస్తకం తర్వాత పుస్తకంలో చెట్టుకి కట్టేసి నోరు నొక్కిన మనిషి గొంతే ఇక్కడ ఒక దేశానికి ప్రాణం పోయడం మంచి ఆలోచన. 2013 నుంచి రచయిత ఫెర్రీ, చిత్రకారుడు కొన్రాద్ చేసినవి, 2023లో ఫాబ్‌కారో రాసినది కూడా ఉదెర్జో చివరి రోజులవాటికన్నా మెరుగు.

మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది 'మాన్షన్స్ ఆఫ్ ది గాడ్స్' (1971). ఊరిని యుద్ధంతో గెలవలేక సీజర్ చుట్టూ అడవి నరికించి అపార్ట్‌మెంట్లు కట్టిస్తాడు. వాటిని అమ్మడానికి పాలరాతి మీద చెక్కిన బ్రోచర్ కూడా కథలోనే ఉంటుంది. హైదరాబాద్ శివార్లలో వెంచర్ల కరపత్రాలు చదివినవాళ్లకి ఆ పేజీ వేరే వివరించక్కర్లేదు. రోమన్లు కాపురానికి దిగగానే ఊళ్లో చేపలవాడు ధర పెంచేస్తాడు, కమ్మరి పాత కత్తుల దుకాణం తెరుస్తాడు. కత్తికి లొంగని ఊరు సంతకి లొంగుతుంది. దాని తర్వాత 1976 నాటి 'ఒబెలిక్స్ అండ్ కో' చదవండి. అమ్ముడుపోని బండరాయికి గిరాకీ పుట్టించి, సరుకు పెరిగిపోయి, చివరికి నాణెం విలువే పడిపోవడం దాకా తీసుకెళ్తాడు. ద్రవ్యోల్బణం అంటే ఏమిటో పిల్లలకి చెప్పడానికి ఇంతకన్నా మంచి పుస్తకం నాకు తెలియదు.

ఇంగ్లీషు అనువాదకులు ఆంథియా బెల్, డెరెక్ హాక్రిడ్జ్ పట్టుకున్న కిటుకు గమనించండి. శ్లేషని మాటకి మాట దింపలేదు. ఒక గడిలో ఫ్రెంచి శ్లేష జారిపోతే పక్క గడిలో తమ భాషలో కొత్తది వేసి లెక్క సరిచేశారు. ఫ్రెంచిలో కుక్క పేరు ఇదెఫిక్స్, అంటే 'పట్టిన పట్టు'. ఇంగ్లీషులో అది డాగ్‌మాటిక్స్ అయింది. అర్థమూ నిలిచింది, కుక్కా వచ్చి కూర్చుంది.

#5 డెంకాలి

ఇంద్రజాల్ గురించి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. ఫాంటమ్ దినపత్రిక స్ట్రిప్‌గా 1936 ఫిబ్రవరి 17న మొదలైంది. రోజుకి మూడు నాలుగు గడులు. నిన్నటిది మరిచిపోయిన పాఠకుడి కోసం మొదటి గడిలో కథ మళ్లీ గుర్తుచేస్తారు, చివరి గడిలో రేపటికి కొక్కెం వేస్తారు. 1964 మార్చి నుంచి ఇంద్రజాల్ వాటిని పుస్తకం పేజీకి సరిపెట్టడానికి గడులు కోసింది, కొన్ని తీసేసింది, కొన్నిటి అంచులు సాగదీసింది. అందుకే ఒక్కోచోట తల పైభాగం తెగి ఉంటుంది, మాట ఎవరిదో తెలియదు. బెంగాలా దేశం పేరు డెంకాలి అయింది. మన దేశపు పేర్లలా వినిపించే దుర్మార్గుల పేర్లూ మారాయి. అది అచ్చు తప్పు కాదు, మన పాఠకుల కోసం కావాలని చేసిన మార్పు.

బొమ్మల్లో నా ఓటు 1961లో వచ్చిన సై బ్యారీకి. అడవి చీకటిని నలుపు ముద్దలతో కట్టేస్తాడు. ఆ నలుపు మీద న్యూస్‌ప్రింట్ రంగులు పడితే పాడవుతుంది, నలుపు తెలుపులో చూడాలి. దుస్తుల రంగు గురించి గొడవపడేవాళ్లకి ఒక మాట. ఫాంటమ్‌ని సృష్టించిన లీ ఫాక్ మనసులో ఉన్నది బూడిద రంగు. 1939లో ఆదివారం రంగుల పేజీ మొదలైనప్పుడు ఊదా పడింది, అదే ఖాయమైపోయింది.

ఒక తెల్లవాడి వంశం తరతరాలుగా ఆఫ్రికా అడవిని కాపాడటం అన్న పునాది ఈ రోజు మింగుడుపడదు, పడకూడదు కూడా. తర్వాతి కథల్లో లువాగా అనే నల్లజాతి డాక్టర్ ఎన్నికై దేశాధ్యక్షుడు కావడంతో అది కొంత సర్దుకుంది. ఆ కాలపు కథలే ముందు చదవండి. ఇంద్రజాల్‌లోనే 1976 చివర్లో వచ్చిన బహాదూర్ కథల్ని మరిచిపోవద్దు. ఆబిద్ సుర్తీ రాశాడు, చంబల్ నేపథ్యం, కుర్తా జీన్స్ వేసిన హీరో. మన నేల మీద నిలబడ్డ కథలవి.

#6 మసిబొగ్గు

బుద్ధ మీద పాతబైండు గారు ఒక్క లైనుతో సరిపెట్టారు కాబట్టి అడుగుతున్నాను. మొదటి సంపుటంలో బుద్ధుడే లేడు కదా. చాప్రా అనే బానిస పిల్లాడు, తట్ట అనే దొంగ పిల్లాడు, వాళ్ల చుట్టూనే 400 పేజీలు. కొని మధ్యలో ఆపేసినవాళ్లు చాలామంది. ఇంత పొడుగు అవసరమా?

#7 పాతబైండు

మసిబొగ్గు గారూ, అవసరమే. తెజుకా 1972 నుంచి 1983 దాకా నడిపిన కథ ఇది. సిద్ధార్థుడు పుట్టేది మొదటి సంపుటం చివరికి. అప్పటిదాకా చూపించేది, ఆయన ఎలాంటి లోకంలోకి వస్తున్నాడన్నది. చాప్రా పుట్టుకని దాచిపెట్టి సేనాని కొడుకుగా బతుకుతాడు. ఆ అబద్ధం బయటపడినప్పుడు ఏమవుతుందో చదివాక, తర్వాత సంపుటాల్లో కులం గురించి బుద్ధుడు పలికే ప్రతి మాటకీ బరువొస్తుంది. చాప్రా, తట్ట ఇద్దరూ కల్పిత పాత్రలు. చరిత్ర పుస్తకంలా చదివితే నిరాశపడతారు. మధ్యలో తెజుకా ఈ కాలపు చమత్కారాలు కూడా దూరుస్తాడు. అవి నచ్చనివాళ్లకి నచ్చవు, నాకూ రెండు మూడు చోట్ల అడ్డుపడ్డాయి.

మొదటి పేజీల్లో ఆకలితో ఉన్న ముసలి మనిషికి ఎలుగు చేప తెస్తుంది, నక్క పండ్లు తెస్తుంది, కుందేలుకి ఏమీ దొరకదు. మంట రాజేయమని సైగ చేసి అందులోకి దూకుతుంది. జాతక కథ మనందరికీ తెలిసిందే. కానీ ఆ పేజీల్లో మాటల్లేవు. కుందేలు నిప్పు వైపు ఒకసారి, ముసలాయన వైపు ఒకసారి చూడటం, అంతే. పేజీ తిప్పే వేగం కూడా చిత్రకారుడే నిర్ణయించాడనిపిస్తుంది.

అమరావతి శిల్పం చూసినవాళ్లకి ఇదంతా పరాయి పద్ధతిలా ఉండదు. అక్కడ ఒకే పలక మీద మాయాదేవి కల, కల ఫలితం చెప్పడం, జననం వరసగా గడులు కట్టి చెక్కారు. పుట్టిన బిడ్డని కూడా గుడ్డ మీద పాదముద్రలుగానే చూపించారు.

కొనేవాళ్లకి: మొదటి రెండు సంపుటాలు కలిపి కొనండి. ఒక్కటే కొంటే మీరన్నట్టే ఆగిపోతారు. రెండోదాంట్లో సిద్ధార్థుడు ముందుకొస్తాడు, అక్కణ్ణుంచి ఆపడం కష్టం.

#8 సీసాపెన్ను

తొమ్మిదేళ్ల పిల్లలకి తెలుగులో ఏమున్నాయి? అమర చిత్ర కథ మహాభారతం సిరీస్ గురించి ఎవరైనా చెప్తారా? తమిళంలో శివకాశి నుంచి లయన్, ముత్తు కామిక్స్ వాళ్లు యూరప్ సిరీస్‌లు దశాబ్దాలుగా తెస్తున్నారు. మనకి ఎందుకు నిలబడలేదో కూడా తెలిస్తే చెప్పండి.

#9 చుక్కలచీర

సీసాపెన్ను గారూ, మహాభారతం 42 పుస్తకాలుగా 1985లో మొదలైంది, బొమ్మలు దిలీప్ కదమ్. ఇప్పుడు మూడు బైండు సంపుటాలుగా దొరుకుతుంది. అమర చిత్ర కథ మొత్తంలో నాకు నచ్చింది ఇదే, ఎందుకంటే 32 పేజీల్లో ఒక జీవితాన్ని ముగించాలన్న తొందర దీనికి లేదు. విడి పుస్తకాల్లో ఆ తొందర బాగా కనిపిస్తుంది. పెళ్లి, యుద్ధం, మరణం మూడు పేజీల్లో అయిపోతాయి. రామ్ వాయీర్కర్ గీసిన 'కృష్ణ' మాత్రం దానికి మినహాయింపు. ఇంకో లోపం రంగుల్లో ఉంది. రాక్షసులకీ సేవకులకీ ముదురు చాయ, రాజులకీ రాణులకీ పాలమీగడ చాయ. పిల్లలతో చదివేటప్పుడు ఆ విషయం నోరు తెరిచి చెప్పండి.

#10 ఒత్తుగుడి

సీసాపెన్ను గారూ, డబ్బు, పంపిణీ సంగతులు పక్కనపెడితే తెలుగులో నిలబడకపోవడానికి చేతిపని కారణం ఒకటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. బెలూన్‌లో తెలుగు పట్టించడం.

ఇంగ్లీషు కామిక్స్‌లో అన్నీ పెద్దక్షరాలే. పైకి లేచేది లేదు, కిందికి దిగేది లేదు. వరసకీ వరసకీ మధ్య వెంట్రుకంత జాగా చాలు. తెలుగులో పైన గుడులు, ఎత్వాలు, కింద ఒత్తులు. 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాట ఒక వరసలో ఉంటే కింది వరసలో 'కి' గుడి దానికి తగులుకుంటుంది. అక్షరం 9 పాయింట్లైతే వరస ఎత్తు కనీసం 13, 14 ఉండాలి. అంటే ఇంగ్లీషులో ఐదు వరసలు పట్టిన బెలూన్‌లో మనకి మూడున్నరే పడతాయి.

రెండో చిక్కు మాట పొడవు. 'వెళ్లిపోవాల్సివచ్చింది' ఒకే మాట. బెలూన్ గుండ్రం, మధ్యలో వెడల్పు, పైనా కిందా సన్నం. ఈ మాటని విరిచి గీత పెడితే చదివే పిల్లవాడు అక్కడ తడబడతాడు. అక్షరాన్ని అడ్డంగా నొక్కి సన్నం చేయడం అందరూ చేసే తప్పు. సున్నలు గుడ్డులా సాగి, మ, య, ఘ ఒకటే ముద్దలా కనిపిస్తాయి. వాక్యం మార్చడమే మందు. 'వెళ్లక తప్పలేదు' అనండి, రెండు ముక్కలై చక్కగా కూర్చుంటుంది. అనువాదం చేసేవారు బొమ్మ పక్కన పెట్టుకుని రాయాలి. టైపు చేసిన కాగితం పంపి చేతులు దులుపుకుంటే కుదరదు.

నొక్కి చెప్పే మాటకి బోల్డ్ వేయకండి. తెలుగు అక్షరాల కడుపులు పూడిపోతాయి. పరిమాణం ఒకటి రెండు పాయింట్లు పెంచండి. వాల్చిన అక్షరాలూ వద్దు.

కంప్యూటర్‌లో ఒత్తులు విడిపోయి పొల్లులుగా కనిపిస్తే అది ఫాంటు తప్పు కాదు. పాత ఫోటోషాప్‌లో అయితే టైపు సెట్టింగులకి వెళ్లి టెక్స్ట్ ఇంజన్‌ని 'వరల్డ్ రెడీ లేఅవుట్'కి మార్చాలి. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ కంపోజర్‌ని 'వరల్డ్ రెడీ'కి పెట్టాలి. పేర్ల మధ్య కంటికి కనిపించని విడదీసే గుర్తు (జీరో విడ్త్ నాన్ జాయినర్) వేయకపోతే టిన్‌టిన్ కాస్తా 'టిన్టిన్' అయిపోతుంది.

చప్పుళ్లకి మాత్రం మనకి కొదవలేదు. ధబేల్, ఫెళ్, గలగల, చిటపట, టపీ. 'మని', 'మంటూ' తోకలు కోసేస్తే చాలు.

#11 మెన్‌హిర్‌మోత

ఒత్తుగుడి గారూ, ఇది విడిగా దాచుకోవాల్సిన పోస్టు. మరి కెప్టెన్ హాడక్ తిట్లు తెలుగులో ఎలా పెడతారు?

#12 ఒత్తుగుడి

ఆ తిట్ల కిటుకు ఏమిటంటే వాటిలో బూతు ఒక్కటీ ఉండదు. వినడానికి భయంకరంగా ఉండే అమాయకమైన మాటలు. ఫ్రెంచిలో 'మీల్ సబోర్' అంటే ఓడ పక్కన ఉండే వెయ్యి ఫిరంగి కంతలు, అంతే. ఇంగ్లీషువాళ్లు దాన్ని వదిలేసి ఓడ అడుగున పట్టే గుల్లలు తెచ్చారు, బకారాల ప్రాస కోసం. మనమూ అలాగే చేయాలి. ఓడ మాటలతో అయితే "తుప్పు పట్టిన లంగరుల్లారా! తూట్లు పడ్డ తెరచాపల్లారా!" కోపం ముదిరితే బడి పుస్తకాల మాటలు: "అకశేరుకాల్లారా! ఉభయచరాల్లారా! బహువ్రీహి సమాసాల్లారా!" గట్టిగా చదివి చూడండి, నోరు నిండాలి. నోరు నిండకపోతే ఆ తిట్టు పనికిరాదు.

పిలుపులు కూడా ముందే తేల్చుకోవాలి. టిన్‌టిన్ ఎప్పుడూ "మీరు, కెప్టెన్ గారూ" అనాలి. కెప్టెన్ మాత్రం టిన్‌టిన్‌ని "నువ్వు" అనాలి. ఆస్టెరిక్స్, ఒబెలిక్స్ మధ్య "ఒరేయ్" తప్ప ఇంకేం పెట్టినా స్నేహం చచ్చిపోతుంది. ఒకచోట "నువ్వు", ఇంకోచోట "మీరు" పడితే పాఠకుడు ఆ పాత్రని నమ్మడు.

మాంగాకి, అంటే జపాన్ బొమ్మల కథలకి, ఇంకో చిక్కుంది. జపాన్ అక్షరాలు పైనుంచి కిందికి రాస్తారు కాబట్టి బెలూన్లు సన్నగా, నిలువుగా ఉంటాయి. తెలుగు మాటకి అంతకన్నా శత్రువు లేదు.

#13 టోన్‌చుక్క

మాంగా మాట వచ్చింది కాబట్టి అకీరా. ఒతోమో 1982 నుంచి 1990 దాకా గీశాడు. మూడు రకాల అచ్చులు తిరుగుతున్నాయి. 1988లో మొదలైన అమెరికా రంగుల విడి పుస్తకాలు, స్టీవ్ ఓలిఫ్ కంప్యూటర్‌తో రంగులు వేశాడు. తర్వాత ఎడమ నుంచి కుడికి తిప్పిన నలుపు తెలుపు పేపర్‌బ్యాకులు. 2017 నాటి 35వ వార్షికోత్సవం పెట్టె, ఇది జపాన్‌లోలా కుడి నుంచి ఎడమకి, చప్పుళ్లు జపాన్ అక్షరాల్లోనే. కొనగలిగితే చివరిదే. పేజీని అద్దంలోలా తిప్పేస్తే కుడిచేతి వాటం మనుషులంతా ఎడమచేతి వాటం అవుతారు. సమురాయ్ కథల్లో ఇది మరీ ఘోరం, ఎడమ నడుముకి ఉండాల్సిన కత్తి కుడివైపుకి పోతుంది, కిమోనో అంచులు శవానికి కట్టినట్టు మారిపోతాయి.

కుడి నుంచి చదవడం కొత్తైతే: పై కుడి మూల గడితో మొదలు, గడి లోపల కుడివైపు బెలూన్ ముందు. పది పేజీల్లో అలవాటైపోతుంది.

కథకి ఏడు అన్నారు, నేను ఎనిమిది ఇస్తాను. నాలుగో సంపుటంలో శిథిలమైన నగరం మాటల్లేకుండా మాట్లాడుతుంది.

నకిలీల గురించి హెచ్చరిక. ఫుట్‌పాత్ మీద సగం ధరకి వచ్చే మాంగాలో అచ్చు చూసి మళ్లీ స్కాన్ చేసి కొట్టినవి చాలా ఉంటాయి. మాంగాలో బూడిద రంగంతా చిన్న చుక్కలతో వేసిందే. చుక్కల్ని స్కాన్ చేసి మళ్లీ చుక్కలుగా అచ్చేస్తే చొక్కా మీద, ఆకాశంలో అలల్లాంటి చారలు వస్తాయి. అవి కనిపిస్తే నకిలీ. నలుపు బూడిదగా ఉన్నా, అక్షరాల అంచు నూగునూగుగా ఉన్నా అదే సంగతి.

#14 గోదారిగట్టు

పెద్ద సైజే ఎప్పుడూ గొప్ప అనుకోకండి. 'మౌస్' (1992లో పులిట్జర్ ప్రత్యేక బహుమతి వచ్చినది) స్పీగెల్‌మన్ అచ్చు సైజులోనే గీశాడు. మామూలు పేపర్‌బ్యాక్ చాలు. గీత వణుకు కూడా ఆయన కావాలనుకున్నదే.

'వాచ్‌మెన్' ఫోన్లో చదవకండి. పేజీకి తొమ్మిది గడుల చట్రం మీద కట్టిన పుస్తకం. ఐదో అధ్యాయం మొదటి పేజీ అమరికకి చివరి పేజీ అద్దంలా ఉంటుంది, అలా రెండు వైపులనుంచీ నడిచి మధ్య జంట పేజీలో కలుస్తాయి. గడి గడిగా పెద్దది చేసి చూపించే యాప్‌లో ఈ కట్టడం మాయమైపోతుంది. పది అంగుళాల ట్యాబ్ అయినా ఉండాలి, పేజీ మొత్తం కనిపించేలా పెట్టాలి.

#15 డెంకాలి

పాతవి కొనేవాళ్లకి. హైదరాబాద్ అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదైనా, విజయవాడ లెనిన్ సెంటర్ దుకాణాల్లోనైనా ఇంద్రజాల్ చేతికి తీసుకోగానే మధ్య పేజీ తెరవండి. పిన్ను వదులైతే ముందు ఊడిపోయేది నడిమి కాగితమే, దాంతో నాలుగు పేజీలు పోతాయి. పేజీ నంబర్లు లెక్కపెట్టి కొనండి.

#16 సీసాపెన్ను

డెంకాలి గారూ, పిన్నులు తుప్పు పట్టి కాగితం గోధుమరంగుకి తిరిగిన సంచికల్ని ఎలా బాగుచేయాలి? టేపు వేయొచ్చా?

#17 డెంకాలి

టేపు అసలు వద్దు. కొన్నేళ్లకి ప్లాస్టిక్ ఊడిపోతుంది, జిగురు కాగితంలోకి దిగి పసుపు చార మిగులుతుంది, అది పోదు.

నడిమి పేజీ తెరిచి, మొద్దు చాకు కొనతో పిన్ను కాళ్లు నిటారుగా లేపండి. పుస్తకం వెనక్కి తిప్పి వెన్ను వైపు నుంచి పిన్నుని నెమ్మదిగా బయటికి తీయండి. లోపలి నుంచి గుంజితే తుప్పుతో పాటు కాగితమూ చిరుగుతుంది. తుప్పు పొడిని పొడి కుంచెతో దులపండి, తడి తగలనివ్వద్దు. కొత్త పిన్ను కొట్టకుండా నూలు దారం తీసుకోండి. లోపలి నుంచి ఒక కంతలో దూర్చి, వెన్ను మీదుగా రెండో కంతలోంచి లోపలికి తెచ్చి, లోపలే ముడి వేయండి. పాత కంతలే వాడాలి, దారం బిగించకూడదు, న్యూస్‌ప్రింట్ కోసుకుపోతుంది.

చిరుగులకి మైదా జిగురు పెడితే పుస్తకప్పురుగుని భోజనానికి పిలిచినట్టే. మిథైల్ సెల్యులోజ్ జిగురు, పల్చటి జపాన్ కాగితం వాడండి. కవర్లు పాలీప్రొపిలీన్‌వి తీసుకోండి. పీవీసీ కవరు వేడికి సిరాని అంటుకుంటుంది. పురుగు పట్టిన సంచికైతే గాలి చొరబడని సంచిలో మూసి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పకండి. ఒక రోజంతా గది వేడికి రానివ్వాలి, లేకపోతే చెమ్మ కాగితం మీద చేరుతుంది.

గోధుమరంగు వెనక్కి పోదు. న్యూస్‌ప్రింట్‌లో ఉన్న లిగ్నిన్ వెలుతురుకి అలా తిరుగుతుంది. చీకట్లో, బయటి గోడకి దూరంగా, నిలువుగా, వెనక అట్ట పెట్టి ఉంచితే నెమ్మదిస్తుంది, పూర్తిగా ఆగదు.

#18 టోన్‌చుక్క

లావు సంపుటాలకి కూడా ఒక మాట. కొత్త పుస్తకాన్ని తెరవగానే నడుమ విరవకండి. బల్ల మీద వెన్ను ఆనించి, ముందు నుంచి ఓ పది కాగితాలు, వెనక నుంచి ఓ పది, మార్చి మార్చి తెరిచి అరచేత్తో మెల్లగా నొక్కుతూ నడిమి దాకా రండి. కొనేముందు తలవైపు నుంచి వెన్ను చూడండి. కాగితాలు మడతలు మడతలుగా కనిపిస్తే కుట్టు బైండు. ఒకటే చదునుగా ఉంటే జిగురు బైండు, మన ఎండలకి కొన్నేళ్లలో జిగురు పెళుసెక్కి పేజీలు ఊడొచ్చు. నడిమి జంట పేజీ తెరిచి, మడతలో బెలూన్ మింగుడుపడిందేమో కూడా చూడండి. మడతలోకి పోయిన మాట ఎంత నొక్కినా బయటికి రాదు.